తూర్పు హద్దు సముద్రం: కొత్తపట్నం తీరంలో ఒక బంగళా కేసు

కొత్తపట్నం మండలంలో బకింగ్‌హామ్ కాలవకు తూర్పున, సముద్రానికి ఎదురుగా ఒక పాత బంగళా ఉంది. మద్రాసు టెర్రస్ కప్పు, మూడు వైపులా వరండా, చుట్టూ సరుగుడు తోట. బేరం నాటికి పదేళ్లకు పైగా రిసార్టుగా నడుస్తోంది. దాన్ని కొనాలనుకున్నాయన ఒంగోలు మనిషే. అమెరికాలో స్థిరపడ్డాడు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి ఇచ్చేది) ఉంది. ఇక్కడి వ్యవహారం ఆయన బావమరిది చూసుకుంటున్నాడు. బేరం కుదిరింది 5 ఎకరాల 10 సెంట్లకు, బంగళాతో పాటు ఇసుక దిబ్బ మీద కట్టిన నాలుగు కాటేజీలతో సహా. అడ్వాన్సు ఇచ్చేశాకే నా దగ్గరకు వచ్చారు. మన దగ్గర మామూలుగా జరిగేదే అది.

"నూరేళ్ల లింకు డాక్యుమెంట్లు ఉన్నాయండీ లాయరు గారూ. ఇంత క్లియర్ టైటిల్ ఈ తీరంలో ఇంకోటి లేదంట. ఒకసారి చూసి ఒపీనియన్ రాసిస్తే రిజిస్ట్రేషన్ పెట్టుకుంటాం" అన్నాడు బావమరిది.

కింద రాసేది ఆ పరిశీలన. పేర్లు, సర్వే నంబర్లు రాయడం లేదు. విస్తీర్ణాలు, కొలతలు, కుటుంబాల వివరాలు ఎవరూ గుర్తుపట్టకుండా కొద్దిగా మార్చాను. చట్టాలు, తీర్పులు, వాటి సంవత్సరాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

తూర్పు హద్దు ఒక్కటే చదివితే

టైటిల్ చూడమంటే చాలామంది పేర్ల గొలుసు చూస్తారు. అమ్మినవాడి పేరు, కొన్నవాడి పేరు, మళ్లీ వాడు అమ్మినప్పటి పేరు. ఈ ఫైల్లో ఆ గొలుసు ఒక్క చోట తప్ప ఎక్కడా తెగలేదు. నేను మాత్రం ముందు షెడ్యూలు చదువుతాను. విస్తీర్ణం ఎంత, చెక్కుబందీ (నాలుగు వైపుల హద్దులు) ఏమిటి అని. పేరు తప్పు రాస్తే ఆ రోజే ఎవరో ఒకరు గొడవ చేస్తారు. హద్దు తప్పు రాస్తే పక్కవాడికి చెబితే తప్ప తెలియదు. ఇక్కడ తూర్పు పక్కవాడు సర్కారు. రిజిస్ట్రారు ఆఫీసుకు వచ్చి సర్కారు గొడవ చెయ్యదు.

దస్తావేజులన్నీ కాలక్రమంలో పెట్టి తూర్పు హద్దు ఒక్కటే వరసగా చదివాను. మొట్టమొదటి క్రయ దస్తావేజులో "తూర్పు: సర్కారు ఇసుక దిబ్బ", విస్తీర్ణం 3 ఎకరాల 42 సెంట్లు. 1950ల నాటి దస్తావేజులో "తూర్పు: ఇసుక దిబ్బ, సముద్రం". సర్కారు పోయింది. 1970ల నాటి క్రయంలో "తూర్పు: సముద్రం". దిబ్బ కూడా పోయింది, విస్తీర్ణం మాత్రం అదే 3.42. 1990ల్లో భర్త భార్యకు రాసిన సెటిల్‌మెంటులో "3.42 ఎకరాలు, దానికి తూర్పున అనుభవంలో ఉన్న 1.68 ఎకరాలు, వెరశి 5.10". ఆ తర్వాతి కాగితాల్లో ఆ వివరణ కూడా లేదు. నేరుగా 5.10, తూర్పు సముద్రం.

ఏ ఒక్క దస్తావేజూ విడిగా చూస్తే అనుమానం రాదు. లేఖర్లు పాత షెడ్యూలు ఎదురుగా పెట్టుకుని రాస్తారు. రాసేటప్పుడు ఒక మాట తగ్గుతుంది, ఇంకో మాట కలుస్తుంది. కొన్నవాడు చదవడు. దిబ్బ మీద కూర్చుంటే కనిపించేది సముద్రమే కదా, హద్దు సముద్రమంటే తప్పేముంది అనిపిస్తుంది. ఇలా కదలకుండానే ఆ భూమి 1.68 ఎకరాలు పెరిగింది.

ఉప్పు దొర, గుంటూరు, మద్రాసు

బంగళా కట్టింది ఉప్పు శాఖలో పనిచేసిన ఒక దొర, మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు. ఆ రోజుల్లో ఈ తీరానికి విలువ తెచ్చినవి రెండు, ఉప్పు, కాలవ. కనుపర్తి, చినగంజాం వైపు ఉప్పు కొఠార్లు. 1876–78 కరువులో జనానికి పని చూపించడానికి కాలవ తవ్వకం ముందుకు నడిపించారు, అప్పటి గవర్నర్ బకింగ్‌హామ్ ప్రభువు పేరు దానికి పెట్టారు. పెదగంజాం నుంచి మద్రాసు దాటి మరక్కాణం దాకా పడవలు నడిచేవి. ఈ బంగళాకు దూలాలూ సున్నమూ పడవ మీదే వచ్చాయని పక్కనున్న జాలరుల పాలెంలో చెబుతారు. నమ్మదగ్గ మాటే, అప్పట్లో ఇటు సరైన రోడ్డు లేదు.

దొర స్థానిక రైతు దగ్గర మెట్ట పట్టా భూమి కొన్న కాగితం దొరికింది. ఆయన దగ్గర ఒంగోలు ప్లీడరు ఒకాయన కొన్న కాగితం మాత్రం ఫైల్లో లేదు. గొలుసు తెగిన చోటు అదే. తర్వాతి దస్తావేజులో "ఫలానా దొర వద్ద నేను క్రయం పొందిన స్వార్జితం" అని ప్లీడరు గారు రాసుకున్నారు, అంతే. మన రాష్ట్రంలో కంప్యూటర్ ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) 1983 నుంచే వస్తుంది. అంతకు ముందుది ఒంగోలులో ఇండెక్సు పుస్తకాలు తిప్పించి చూశాం. దొర పేరు మీద అమ్మకం ఏదీ రాలేదు.

"అంత పాతది ఎవరు అడుగుతారు సార్, 30 ఏళ్లు చూస్తే చాలదా?" అన్నాడు బ్రోకరు. బ్యాంకులు కూడా అంతే చూస్తాయి. నాకు ఆ దస్తావేజు కావాల్సింది దొర అమ్మాడా లేదా తేల్చడానికి కాదు. ప్లీడరు కుటుంబం కొన్ని దశాబ్దాలు ఆ ఇంట్లో ఉంది, దొర వారసులు వచ్చి దావా వేసే కాలం ఎప్పుడో దాటింది. నాకు కావాల్సింది దాని షెడ్యూలు, వీలైతే ప్లాను.

ఇక్కడ రెండు పాత సంగతులు పనికొచ్చాయి. ఒకటి, 1908 రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 30(2). మద్రాసు లాంటి ప్రెసిడెన్సీ పట్నం రిజిస్ట్రారు దగ్గర దేశంలో ఎక్కడి ఆస్తినైనా రిజిస్టరు చేసుకునే వీలు అప్పట్లో ఉండేది. 2001 సవరణతో ఆ ఉపసెక్షన్ తీసేశారు. దొరలు ఉద్యోగం వదిలి ఓడ ఎక్కేది మద్రాసులోనే, ఆస్తులు అక్కడే అమ్ముకుని వెళ్లేవాళ్లు. అలా రిజిస్టరైన దస్తావేజు కాపీని ఆస్తి ఉన్న జిల్లా రిజిస్ట్రారుకు పంపాలని సెక్షన్ 67 చెబుతుంది. ఆయన దాని మెమో సబ్ రిజిస్ట్రారుకు పంపాలి. ఆ మెమో ఎక్కడో ఒక చోట ఆగిపోవడం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

రెండోది, జిల్లా. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది. ఆ ఏడాది గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిసింది. 1970లో ఒంగోలు జిల్లా వచ్చింది, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. దొర అమ్మకం 1920లలో జరిగి ఉంటుందని లెక్క. అంటే కాపీ వెళ్లాల్సింది గుంటూరుకు. బ్రోకర్లు నెల్లూరులో వెతికించి లేదని తేల్చుకున్నారు. ఈ జిల్లాలో పాత కాగితం వెతికేవాళ్లు ముందు ఆ ఏడాదికి మన ఊరు ఏ జిల్లాలో ఉందో చూసుకోవాలి.

గుంటూరులో దొరికింది. మద్రాసు నుంచి వచ్చిన కాపీ, ఒంగోలుకు పోయినట్టు ఎక్కడా నమోదు లేదు. దాని నంబరు పట్టుకుని చెన్నైలో అసలు దస్తావేజుకు సర్టిఫైడ్ కాపీ తీయించాం. జతపరిచిన ప్లాను కూడా వచ్చింది. కాపీలో గీతలు కొన్ని చెరిగిపోయాయి గాని అంకెలు బతికి ఉన్నాయి. కొలతలన్నీ గొలుసుల్లో, లింకుల్లో. ఒక గొలుసు 66 అడుగులు, 100 లింకులు. తూర్పు వరండా మెట్ల నుంచి ప్రహరీ దాకా 3 గొలుసుల 20 లింకులు, అంటే 211 అడుగులు. ప్రహరీ అవతల "సర్కారు ఇసుక దిబ్బ". దక్షిణాన సన్నటి గీత, దాని మీద "పాలెం వారి దోవ".

సరుగుడాకు కింద

లైసెన్సు సర్వేయరును తీసుకుని వెళ్లాం. ఎఫ్.ఎం.బి. (సర్వే శాఖ కొలతల పటం) కాపీ ప్రకారం తూర్పు వైపు రెండు సర్వే రాళ్లు ఉండాలి. ఈశాన్యం రాయి లేదు, కాటేజీకి నీళ్ల ట్యాంకు కట్టిన చోట అది పోయి ఉంటుంది. ఆగ్నేయం రాయి కోసం సరుగుడాకు మోకాలెత్తున పేరుకున్న చోట కర్రతో పొడుస్తూ పోయాం. ఠంగుమన్న చోట తవ్వితే రాయి బయటపడింది, తలమీద గంటు గుర్తుతో సహా. దానికి జానెడు దూరంలోనే పాత ప్రహరీ పునాది. ఇటుకల మధ్య సున్నం, అందులో పగలగొట్టి గుచ్చిన ఆకుపచ్చ సీసా పెంకులు. అంటే గోడ పైభాగం కూలి తిరగబడి అక్కడే పూడిపోయిందన్నమాట.

సర్వేయరు మెట్ల నుంచి టేపు పట్టాడు. 210 అడుగుల చిల్లర. నూరేళ్ల నాటి ప్లానుకు అడుగు తేడా.

పట్టపుపాలెం నుంచి ఒక పెద్దాయన వచ్చి ఇదంతా చూస్తున్నాడు. "అదే సామీ పాత గేటు. మా నాయన ఇక్కడే చేపలిచ్చేవాడంట. ఈ అవతల గోడ హేచరీ వాళ్లు పెట్టింది. అంతకు ముందు మేం ఈ దిబ్బ మీదే వలలు ఆరేసుకునేవాళ్లం" అన్నాడు. మరి ఇప్పుడో అంటే, చుట్టు తిరిగి పోతున్నామన్నాడు. ప్లానులోని "పాలెం వారి దోవ" మీద ఇప్పుడు రిసార్టు జనరేటర్ షెడ్డు ఉంది.

పాత గోడ నుంచి కొత్త గోడకు దాదాపు 244 అడుగులు, ఉత్తర దక్షిణాలు దాదాపు 300 అడుగులు. గుణించి చూస్తే 1.68 ఎకరాలు. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడితో తేలిపోయింది. నాలుగు కాటేజీలూ ఆ మధ్యలోనే ఉన్నాయి.

కోడలి మనోవర్తి

యజమానుల్లో టైటిల్ పరంగా చిక్కు అనిపించింది ప్లీడరు గారి కోడలి దగ్గర. ఆమె భర్త చిన్న వయసులో పోయాడు. మామగారు 1950ల మొదట్లో ఆమెకు ఈ బంగళాను మనోవర్తి కింద, అంటే పోషణ కోసం, రాసిచ్చారు. జీవితాంతం అనుభవించాలి, తర్వాత తన అన్న కొడుకులకు పోవాలి, అమ్మే హక్కు లేదు అని షరతు. ఆమె 1970ల్లో పొగాకు వ్యాపారికి సర్వహక్కులతో అమ్మేసింది. బేరం సంగతి తెలిసి, ఆ అన్న కొడుకుల వారసుల్లో ఒకరు మా క్లయింటుకు నోటీసు పంపారు. బావమరిదికి టెన్షన్ అంతా దీని గురించే, 1.68 గురించి ఆయనకు చింతే లేదు.

నిజానికి భయపడాల్సింది తక్కువ. 1956 హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 14(1) ప్రకారం స్త్రీ స్వాధీనంలో ఉన్న ఆస్తి ఆమెకు పూర్తి హక్కుగా మారుతుంది. 14(2) ప్రకారం, దస్తావేజు ద్వారానే మొదటిసారి హక్కు వచ్చి, ఆ దస్తావేజే పరిమితి పెడితే ఆ పరిమితి నిలుస్తుంది. మనోవర్తి కింద ఇచ్చిన ఆస్తి ఏ పెట్టెలో పడుతుంది? దీన్ని తేల్చిన తులశమ్మ కేసు మన పక్కదే. నెల్లూరు మునసబు కోర్టులో 1961లో వేసిన దావా అది. ఆమె కూడా వితంతువే. మనోవర్తి డిక్రీ మీద రాజీలో పరిమిత హక్కుతో భూమి వచ్చింది, ఆమె కొంత కౌలుకిచ్చింది, కొంత అమ్మింది, మరిది దావా వేశాడు. 1977లో సుప్రీంకోర్టు ఆమె వైపు చెప్పింది. మనోవర్తి ఆమెకు ముందే ఉన్న హక్కు, ఆ హక్కుకు బదులుగా వచ్చిన ఆస్తి 14(1) కిందికే వస్తుంది, కాగితంలో షరతు రాసినా సరే అని. 14(1), 14(2)ల మధ్య గీత ఎక్కడ గియ్యాలన్నది 2024 డిసెంబరులో మళ్లీ విస్తృత ధర్మాసనానికి పంపారు. అయినా మన దస్తావేజులో "మనోవర్తి నిమిత్తం" అని స్పష్టంగా ఉంది, 1956 నాటికి ఆమె ఇంట్లోనే ఉంది.

పైగా కాలపరిమితి. ఆమె పోయినప్పటి నుంచి 12 ఏళ్ల లోపు స్వాధీనం కోసం దావా వెయ్యాలని 1963 లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 65 చెబుతోంది. ఆమె పోయి అంతకు రెట్టింపు కాలం దాటింది. నోటీసుకు మూడు పేరాల జవాబు పంపించాం. మళ్లీ ఉలుకూ పలుకూ లేదు.

పొగాకు, రొయ్య, రాయి

మిగతా యజమానుల కథ ఒంగోలు డబ్బు కథే. ఏ వ్యాపారంలో చేతినిండా డబ్బు ఆడితే ఆ వ్యాపారి చేతికి బంగళా వెళ్లింది. ఉప్పు దొర తర్వాత ప్లీడరు, ఆ తర్వాత పొగాకు. టొబాకో బోర్డు 1976లో వచ్చింది, వేలం కేంద్రాలు ఎనభైల్లో మొదలయ్యాయి. అంతకు ముందు వ్యాపారి చెప్పిందే ధర. ఆ రోజుల డబ్బుతో కొన్న ఇల్లు ఇది. ఆయన దిబ్బ జోలికి పోలేదు, ఎండాకాలం పిల్లల్ని తీసుకుని వచ్చి ఉండేవాడంతే. ఆయన దస్తావేజులోనే "తూర్పు: సముద్రం" అని పడింది గాని, ఆ మాటను వాడుకున్నది తర్వాతివాళ్లు.

1990ల మొదట్లో రొయ్యల జోరు. టైగర్ రొయ్య పిల్లకు హేచరీ పెట్టాలంటే శుభ్రమైన సముద్రపు నీరు కావాలి. పైపులు దిబ్బ దాటి నీళ్లలోకి పోవాలి, మధ్యలో పంపు షెడ్డు కావాలి. దిబ్బ ఆక్రమణ అలా మొదలైంది. పైపులకు కాపలాగా కంచె, కంచె తర్వాత గోడ. 1994–95లో తెల్లమచ్చ వైరస్ వచ్చి చెరువులు ఎత్తిపోయాయి, పిల్ల కొనే నాథుడు లేడు. 1996 డిసెంబరులో జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు తీర ప్రాంతపు రొయ్యల చెరువుల మీద గట్టి తీర్పు ఇచ్చింది. హేచరీ పెట్టినాయన అప్పటికే బంగళాను భార్య పేర సెటిల్‌మెంటు రాసి, ఆ దస్తావేజు బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చాడు. 5.10 అంకె పుట్టింది ఆ సెటిల్‌మెంటులోనే. భూమి పెరిగితే అప్పు పెరుగుతుంది. దస్తావేజులో పట్టా సర్వే నంబరే వేశారు కాబట్టి రిజిస్ట్రేషన్ ఆగలేదు. 1బి (రెవెన్యూ హక్కుల రికార్డు) తీసి చూసి ఉంటే ఆ నంబరులో 3.42కు మించి లేదని బ్యాంకుకు అప్పుడే తెలిసేది.

2004 డిసెంబరు 26న సునామీకి పంపు షెడ్డు కొట్టుకుపోయింది. ఆ తర్వాత సర్ఫేసి చట్టం (అప్పు తీరకపోతే తాకట్టు ఆస్తిని బ్యాంకు అమ్ముకునే చట్టం) కింద వేలం. చీమకుర్తి గ్రానైటు వ్యాపారి ఒకాయన పాడుకున్నాడు. వేలం ప్రకటనలో "ఉన్నది ఉన్నట్టుగా, ఉన్న చోట ఉన్నట్టుగా" అని రాస్తారు. దాని అర్థం లోపముంటే కొన్నవాడే మొయ్యాలని. జనం మాత్రం "బ్యాంకు అమ్మింది, ఇంకేం డౌటు?" అనుకుంటారు. తాకట్టు పెట్టినవాడికి లేని హక్కు బ్యాంకుకు రాదు, బ్యాంకుకు లేనిది వేలంలో పాడినవాడికి రాదు. గ్రానైటు ఆయన బంగళాను ఒక రిసార్టు నడిపేవాళ్లకు లీజుకిచ్చాడు. వాళ్లే కాటేజీలు కట్టారు.

అన్నట్టు, రిసార్టు బ్రోచర్‌లో ఈ బంగళాకు స్వాతంత్ర్యోద్యమ చరిత్ర కూడా ఉంది. కొత్తపట్నంలో 1937 వేసవిలో జరిగిన రాజకీయ పాఠశాల ఈ వరండాలోనే నడిచిందని రాశారు. పాఠశాల జరిగింది నిజం, పోలీసులు విరుచుకుపడిందీ నిజం. ఈ వరండాలో జరిగిందనడానికి ఒక్క కాగితం ముక్క లేదు. ధర చెప్పేటప్పుడు ఆ కథకు కూడా కొంత కలిపారు.

రసీదుల కట్ట

1.68 మీద అభ్యంతరం రాసి పంపాక, అమ్మే ఆయన తరఫు లాయరు మూడు వాదనలతో వచ్చారు.

మొదటిది, విస్తీర్ణానికీ హద్దులకూ తేడా వస్తే హద్దులే నిలుస్తాయి అన్నది. కోర్టుల్లో రోజూ వినే సూత్రమే, నిజమే. కాని అది అమ్మినవాడికీ కొన్నవాడికీ మధ్య, ఏది అమ్మారో తేల్చుకోవడానికి. తనది కాని భూమిని హద్దులో కలిపి రాసినంత మాత్రాన అది తనది అయిపోదు. ఆ దస్తావేజుల్లో సర్కారు పార్టీ కాదు. 1905 నాటి భూ ఆక్రమణల చట్టం సెక్షన్ 2 ప్రకారం, పోటు నీటి గీతకు దిగువ సముద్రపు నేల ప్రభుత్వానిదే. దానికి ఎగువ దిబ్బ రికార్డులో పోరంబోకు. అసలు హద్దుగా సముద్రాన్ని రాయడమే ప్రమాదం. రాయి ఉన్న చోట ఉంటుంది, నీటి గీత ఏటికేడు జరుగుతుంది.

రెండోది, చుక్కల భూమి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇది ఎంత పెద్ద గొడవో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. రీసెటిల్‌మెంటు రిజిస్టరులో (ఆర్.ఎస్.ఆర్.) పట్టాదారు పేరు ఉండాల్సిన చోట చుక్కలు పెట్టి వదిలేశారు. అలాంటి భూములు నిషేధిత జాబితాలో పడి రైతులు ఏళ్ల తరబడి అమ్ముకోలేక అల్లాడారు. 2017లో దానికి ప్రత్యేక చట్టం వచ్చింది, 2023 మేలో కావలి సభలో రెండు లక్షల ఎకరాలకు పైగా విముక్తి ప్రకటించారు. "మా దిబ్బకూ ఆర్.ఎస్.ఆర్.లో చుక్కలే ఉన్నాయి, మాదీ అదే కేటగిరీ" అన్నారు. ఆర్.ఎస్.ఆర్. నకలు తెప్పించాం. పట్టాదారు గడిలో చుక్కలున్న మాట వాస్తవం. అదే వరసలో వర్గీకరణ గడిలో "పోరంబోకు", రిమార్కుల్లో "ఇసుక దిబ్బ" అని కూడా ఉంది. సర్కారుదని గాని, రైతుదని గాని చెప్పకుండా చుక్కలు వదిలిన భూమికే ఆ చట్టం. పోరంబోకు అని తేల్చి రాశాక చుక్కలు పట్టుకుని వేలాడితే లాభం లేదు.

మూడోది వాళ్లకు బ్రహ్మాస్త్రం అనిపించింది. రిబ్బను కట్టిన రసీదుల కట్ట బల్ల మీద పెట్టారు. 1990ల నుంచి దిబ్బకు తహసీల్దారు ఆఫీసులో కట్టిన డబ్బుల రసీదులు, హేచరీ ఆయనవి కొన్ని, గ్రానైటు ఆయనవి కొన్ని. "30 ఏళ్లుగా అనుభవం సార్, ప్రభుత్వం మీద కూడా హక్కు వచ్చేసింది. ఇవిగో సాక్ష్యం." ప్రభుత్వ భూమి మీద అలాంటి హక్కుకు లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 112 ప్రకారం 30 ఏళ్లు నిండాలన్నది సరైన మాటే.

రసీదులు ఒక్కొక్కటే తిరగేశాను. పన్ను దేని కింద కట్టారన్న చోట ప్రతి దాని మీదా ఒకటే: శివాయి జమా. సర్కారు భూమిని అనుమతి లేకుండా సాగు చేసుకునేవాడి దగ్గర, ఆక్రమణదారుగా లెక్కగట్టి, అదే 1905 చట్టం సెక్షన్ 3 కింద వసూలు చేసేది శివాయి జమా. అది కట్టాడంటే భూమి సర్కారుదని ఒప్పుకుని కట్టినట్టే. యజమానిని నేనే అని బాహాటంగా ఎదిరించి అనుభవిస్తే కదా ప్రతికూల స్వాధీనం. మధ్యలో హేచరీ మూతపడి, పంపు షెడ్డు కొట్టుకుపోయి ఖాళీగా ఉన్న ఏళ్లు ఉన్నాయి, అది వేరే సంగతి. ఆ లాయరుకూ విషయం తెలుసు. రసీదులు మళ్లీ రిబ్బనుతో కట్టుకుంటూ "క్లయింటు చూపించమన్నాడండీ" అన్నారు.

ఒపీనియన్‌లో రాసింది

3.42 ఎకరాలకు, బంగళాకు టైటిల్ బాగుంది. 1.68కి టైటిల్ లేదు, వచ్చే దారీ లేదు.

కాటేజీల మీద విడిగా రాశాను. తీర ప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ మొదట 1991 ఫిబ్రవరి 19న వచ్చింది, తర్వాత 2011లో, 2019లో మార్చారు. ఇలాంటి గ్రామీణ తీరంలో పోటు గీత నుంచి 200 మీటర్ల దాకా కొత్త నిర్మాణం కూడదు. 2019లో దాన్ని 50 మీటర్లకు తగ్గించారని బ్రోకర్లు ప్రచారం చేస్తుంటారు. తగ్గించింది 2011 జనాభా లెక్కల్లో చదరపు కిలోమీటరుకు 2161 మందికి మించి ఉన్న చోట్ల మాత్రమే. ఈ ఊరి జనసాంద్రత దాని దరిదాపుల్లో లేదు. కాబట్టి కాటేజీలు పోరంబోకులో ఉండటం ఒక తప్పు, కట్టకూడని మేరలో ఉండటం రెండో తప్పు. బంగళా కూడా 200 మీటర్ల లోపే ఉంది, కాని అది 1991 కంటే ఎంతో ముందుది. ఉన్న పునాది విస్తీర్ణం పెంచకుండా, ఉన్నంతలో మరమ్మతు చేసుకోవచ్చు. స్విమ్మింగ్ పూలు, పై అంతస్తు లాంటి ఆశలుంటే వదులుకోమని చెప్పాను.

ఇంకొకటి బావమరిదికి అసలు తట్టనిది. కొనేది ఓసీఐ. ఫెమా (విదేశీ మారక చట్టం) నిబంధనల ప్రకారం ఓసీఐ ఇల్లు, వ్యాపార స్థలం కొనొచ్చు. వ్యవసాయ భూమి, తోట, ఫాంహౌస్ కొనకూడదు. నూరేళ్లుగా ఇల్లున్నా అడంగల్లో (గ్రామ సాగు లెక్కలో) ఆ 3.42 ఇంకా "మెట్ట". అప్పటికి అమల్లో ఉన్న 2006 నాటి భూ వినియోగ మార్పిడి చట్టం కింద అమ్మే ఆయనే ముందు వ్యవసాయేతరంగా మార్పించి, ఆ తర్వాతే రిజిస్ట్రేషన్ పెట్టుకోవాలని షరతు పెట్టాం. "ఇంట్లో వాళ్ల పేరు మీద పెట్టుకుంటే పోలా?" అన్నాడు బావమరిది. బినామీ చట్టం గురించి కాసేపు మాట్లాడాక ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

బేరం ఎలా తెగింది

గ్రానైటు ఆయన మొదట అడ్వాన్సు వెనక్కి ఇవ్వనన్నాడు. అగ్రిమెంటులో "క్లియర్, మార్కెటబుల్ టైటిల్ 5.10 ఎకరాలకు" అని ఆయన సంతకం పెట్టి ఉన్నాడు, అది చూపించాక కూర్చున్నాడు. ధర 3.42కి, బంగళాకు తిరిగి కట్టారు. కాటేజీలకు రూపాయి లేదు. రిసార్టు లీజు రద్దు చేయించి ఖాళీ స్వాధీనం ఇవ్వడం ఆయన బాధ్యత. కొత్త క్రయ దస్తావేజు షెడ్యూలు పాతవాటి నుంచి కాపీ చెయ్యకుండా, ఎఫ్.ఎం.బి. చూసి మొదటి నుంచి రాశాం. తూర్పు హద్దు ఇసుక దిబ్బ పోరంబోకు సర్వే నంబరుతో, దక్షిణాన పాలెం దోవ వెడల్పుతో సహా. జనరేటర్ షెడ్డు పట్టా భూమిలోకి జరిపించాకే క్లయింటు డబ్బు విడుదల చేశాడు. దిబ్బ విషయంలో తహసీల్దారు ఆఫీసు గ్రానైటు ఆయనకు 1905 చట్టం సెక్షన్ 7 నోటీసు ఇచ్చింది. అది ఇంకా నడుస్తోంది, కాటేజీలకు తాళాలు పడ్డాయి.

బంగళా కప్పు మరమ్మతు మొదలుపెట్టే ముందు పునాది నాలుగు వైపులా కొలిపించి, తేదీతో ఫొటోలు తీయించి, సర్వేయరు సంతకంతో ఒక సెట్టు పంచాయతీలో దాఖలు చేయించాం, రసీదు తీసుకున్నాం. రేపు ఎవరైనా కొత్తగా కట్టారని పిటిషన్ పెడితే చూపించాల్సింది అదే. ఇంకో సెట్టు క్లయింటు దగ్గర ఉంది, లింకు డాక్యుమెంట్లతో కలిపి పెట్టుకోమన్నాం.